ధర్మకార్యమునకు వెల యెంత?

దేవాలయ మంటపమున గాని, సంఘపు హాలులో గాని పదిమంది పెద్దలు కూర్చుండి ఒక సత్కార్యము తలపెట్టినప్పుడు చాల విషయములు త్వరగానే తేలిపోవును. తేదీ తేలును. వంటవాడు తేలును. కరపత్రములో ఎవరి పేరు ముందుండవలెనను చిక్కు సైతము కొంత కంఠశోషతో తేలును. ఒక్కటి మాత్రము తేలదు: టిక్కెట్టు ఎంత?

లమ్మడాలోని ఒక తెలుగు సంఘమువారు ఒక ఆదివారము ఉదయము యోగాసనములు, ప్రాణాయామము, కొంతసేపు ధ్యానము, ఆపైన యువకులకు ధైర్యోత్సాహములు కలిగించు ఉపన్యాసము, మధ్యాహ్నము భోజనము ఏర్పాటు చేసి, ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును పిల్లల తెలుగు తరగతికిని బీదకుటుంబముల వైద్యమునకును వినియోగింపదలచిరని ఊహింపవచ్చును. ఇట్టి సభలు నేడు దేశదేశముల జరుగుచున్నవి. 2014 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగ దినముగా ప్రకటించిన పిమ్మట యోగమను మాట మఠములనుండి బజారులోనికి వచ్చినది. ఉద్దేశము మంచిది, సాధనమును మంచిదే. రెంటి నడుమ నిలిచిన చీటీమీది అంకె మాత్రము మంచిదో కాదో వెంటనే చెప్పరాదు.

సమావేశమున ఒకరు, "పదివేల క్యాట్లు చాలును, అందరు రావలెను" అందురు. మరియొకరు, "ముప్పదివేలు పెట్టుడు, ధర్మకార్యమే కదా, కాదనువారెవరు?" అందురు. వేరొక పెద్ద, "భగవంతుని మాటకు వెల యేమిటి, ఉచితముగా జరిపి జోలె పట్టుదము" అనును. ముగ్గురును సజ్జనులే. ముగ్గురి మాటలలోను కొంత న్యాయము కలదు. అందుచేతనే చిక్కు.

వెలను గూర్చిన ఈ చర్చ బర్మా తెలుగువారికి క్రొత్తది కాదు. వారి పూర్వులు ఈ గడ్డపై అడుగిడినదే ఒక వెలతో. కాకినాడ చెంతనున్న కోరంగి రేవు పేరే వారికి 'కోరంగీలు' అని నిలిచినది. ఫిజీ, మారిషస్, నెటాలులకు పోయినవారికున్నట్టి ఐదేండ్ల ఒప్పందపత్రము బర్మాకు వచ్చినవారిలో అధికులకు లేదు. మేస్త్రీ ఇచ్చిన బయానాయే వారికి ఒప్పందపత్రము. గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాల పల్లెలలో మేస్త్రీ అప్పు పెట్టి, ఓడచార్జీ కట్టి, బియ్యపు మిల్లులకును రేవులకును ముఠాలుగా తోడుకొని వచ్చెడివాడు. కూలి దొరచేతినుండి మేస్త్రీచేతికి, మేస్త్రీచేతినుండి కూలివానిచేతికి వచ్చునప్పటికి ఎంత తరిగినదో అడుగు వీలు వానికి లేకుండెను. తన చెమటకు వెల యెంతయో ఇతరులు నిర్ణయింపగా విన్నవాని మనుమలు నేడు తామే ఒక వెల నిర్ణయించుటకు కూర్చున్నారు. ఈ మాట జ్ఞాపకముంచుకొనిన చర్చ కొంత నెమ్మదించును.

1930 మే మాసమున రంగూను రేవులో జరిగిన ఘోరమును ఇచట తలచుకొనవలసియున్నది. తెలుగు రేవుకూలీలు కూలి పెంచవలెనని సమ్మె కట్టిరి. ఓడలసరుకు దింపించు కంపెనీలు వారి స్థానమున బర్మీయులను పనిలో పెట్టుకొనెను. కొలది దినములకు కంపెనీలకును సమ్మెదారులకును ఒడంబడిక కుదిరెను, కూలి పెరిగెను, తెలుగువారు పనికి తిరిగి వచ్చిరి. ఆ ఉదయము ఎప్పటివలె పనికి వచ్చిన బర్మీయ కూలీలతో ఇక మీతో పని లేదని చెప్పివేసిరి. మే 26న ఆరంభమైన కలహమున వందమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. వారిలో అత్యధికులు తెలుగువారే. అడిగిన కూలి న్యాయమైనదే. కుదిరిన వెలయు ఇరుపక్షములకు సమ్మతమైనదే. కాని ఆ బేరము జరిగిన గదిలో మూడవవాడు లేడు. వానిని గూర్చి ఎవరును తలపోయలేదు.

వెల న్యాయమైనదగుటకు ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు ఒప్పుకొనిన చాలునని వర్తకశాస్త్రము చెప్పును. రంగూను రేవు చెప్పినది వేరు. గదిలో లేనివాడెవడో కూడ చూడవలెను. లమ్మడా సభకు టిక్కెట్టు నిర్ణయించు పదిమందిలో సాధారణముగా ఎవరుండరు? దినకూలిపై బ్రదుకువాడుండడు. వంటపాత్రలు తోమెడి స్త్రీ యుండదు. ఎవరి వైద్యమునకై సొమ్ము కూర్చబడుచున్నదో ఆ రోగి యుండడు. వీరు ముగ్గురును లేనిచోట వీరి ముగ్గురి పక్షమున ఎవరైన మాటాడవలసియున్నది.

మొదట దినకూలివాని సంగతి. చీటీమీద ముద్రించు అంకె యొకటే గాని అది అందరికి ఒకటే వెల కాదు. ఊహకు ఒక లెక్క వేయవచ్చును. హాలు అద్దె, భోజనము, శబ్దయంత్రములు, ఉపన్యాసకుని రాకపోకలు కలిసి 12,00,000 క్యాట్లు అగుననియు, 150 మంది వత్తురనియు అనుకొనినచో, తలకు 8,000 క్యాట్లు ఖర్చు. టిక్కెట్టు 20,000 పెట్టినచో మొత్తము 30,00,000 వచ్చి 18,00,000 ధర్మకార్యమునకు మిగులును. లెక్క చూచుటకు ముచ్చటగా నున్నది. ఐతే మ్యాన్మార్ దేశమున 2018లో ప్రభుత్వము నిర్ణయించిన కనీసపు దినకూలి 4,800 క్యాట్లు. 2023లో వెయ్యి, 2024లో మరియొక వెయ్యి భత్యముగా చేర్చగా 6,800 అయ్యెను. ఆ కూలితో బ్రదుకువానికి 20,000 అనగా దాదాపు మూడు దినముల బ్రదుకు. భార్యను, ఎదిగిన కుమారుని వెంటబెట్టుకొని వచ్చినచో తొమ్మిది దినములు. మహాబందుల వీధిలో దుకాణమున్నవానికి అది ఒక సాయంకాలపు పలాహారము. ఒకనికి తొమ్మిది దినములు, ఒకనికి ఒక పూట. దీనిని సమానమైన వెల యనుట కేవలము అంకెలను చూచుటయే.

భారతమున అశ్వమేధపర్వములో ముంగిస కథ తెలియని తెలుగువాడుండడు. ధర్మరాజు యాగము ముగిసి, అంతటి దానము మరి లేదని జనులు పొగడుచుండగా సగము బంగారు మేనుగల ముంగిస యొకటి వచ్చి, కురుక్షేత్రమున ఏరుకొనిన గింజలతో బ్రదుకు పేద బ్రాహ్మణుడు ఆకలిగొన్న అతిథికిచ్చిన పిడికెడు పేలపిండికి ఈ యాగము సరిరాదనెను. ఆ పిండి రాలిన నేలపై పొరలగా సగము మేను బంగారమాయెనట. ఇచట ఎంత పొరలినను మిగిలిన సగము మారలేదట. ఆ కథను పుణ్యకథగా చెప్పుకొనుటయే గాని కోశాధికారికి పాఠముగా ఎవరును చెప్పుకొనరు. దానము ఇచ్చినదానిచేత కాక, ఇచ్చిన పిమ్మట మిగిలినదానిచేత కొలువబడునని ముంగిస లెక్క. ఆ లెక్కకు 20,000 చీటీ నిలువదు.

ఐనచో తరగతులుగా విభజింపవచ్చును కదా, ముందువరుస 50,000, నడిమివరుస 20,000, వెనుక 5,000 అని? ఈ సలహా ప్రతి సమావేశములోను ఎవరో ఒకరు ఇత్తురు. వెంటనే తిరుమలను ఉదాహరింతురు. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశము కలదు. 2019లో ఆరంభించిన శ్రీవాణి పథకమున 10,000 రూపాయలు విరాళమిచ్చినవారికి బ్రేక్ దర్శనము కలదు. ఆ విరాళములతో దళితవాడలలోను మారుమూల గ్రామములలోను ఆలయములు కట్టుదురు. నిజమే. ఐతే అచట సర్వదర్శనము ఉచితముగానే సాగుచున్నది. అన్నప్రసాదమును అడుగు ప్రతివానికి పెట్టుదురు; నిత్యాన్నదాన పథకము 1985లో ఆరంభమైనది. అచట అమ్ముడుపోవునది స్వామి దర్శనము కాదు, వరుసలో నిలుచు గంటలు. దానిని సమర్థించుటయో నిందించుటయో వేరే మాట. లమ్మడా హాలులో గంటలకొలది వరుస యేదియు లేదు. అచట ముందు కుర్చీకి వెల పెట్టినచో అమ్ముడుపోవునది గౌరవము తప్ప మరేమియు కాదు. కన్నులు మూసుకొని శ్వాసను చూచుకొనుమని చెప్పు సభలో ఎవరు ఏ వరుసలో కన్నులు మూసుకొనినారో ఎంచుట కొంత హాస్యాస్పదము కూడ. ఎక్కువ ఇయ్యగలవాడు ఎక్కువ ఇయ్యవలసినదే. దానికి బదులుగా కుర్చీ అడుగుట దేనికి?

ఇక మూడవ పెద్ద చెప్పిన మార్గము, ఉచితముగా జరుపుట. ఈ విషయమున దూరదేశపు దృష్టాంతములు వెదకనక్కరలేదు. రంగూనులోనే లోకమునకు తెలిసిన దృష్టాంతము కలదు. సయాజీ ఊ బా ఖిన్ 1899లో ఈ నగరముననే జన్మించెను. లెక్కల శాఖలో గుమాస్తాగా చేరి, 1948లో స్వతంత్ర బర్మాకు మొదటి అకౌంటెంటు జనరల్ అయ్యెను. ఆయనయే 1952లో అంతర్జాతీయ ధ్యానకేంద్రమును స్థాపించి విపశ్యన బోధించెను. దేశపు జమాఖర్చులు చూచిన చేతితోనే ధ్యానము నేర్పిన మహనీయుడు! 1955లో మాండలేలో పుట్టిన మార్వాడీ వర్తకుడు సత్యనారాయణ గోయెంకా తీవ్రమైన తలనొప్పి బాధతో ఆయనను ఆశ్రయించెను. తలనొప్పి పోవుటకై ఐనచో నేర్పనని సయాజీ మొదట త్రోసిపుచ్చెను. ధర్మమును దేహబాధకు మందుగా దిగజార్చుట ఆయనకు సమ్మతము కాలేదు. మనస్సును శుద్ధిచేసికొనుటకు సిద్ధపడినప్పుడే గోయెంకాను స్వీకరించెను. 1969లో గోయెంకా భారతదేశమునకు పోయి నడిపిన పదిదినముల శిబిరములు నేడు లోకమంతట వ్యాపించినవి. వానిలో బోధకు గాని, భోజన వసతులకు గాని వెల లేదు. ఒక శిబిరము పూర్తిచేసినవారు మాత్రమే, ఇష్టమైనచో, తరువాత వచ్చువారికై విరాళమియ్యవచ్చును. క్రొత్తవాని యొద్ద పుచ్చుకొనరు.

ఈ నియమములో సూక్ష్మమున్నది. తెలియని వస్తువునకు ఎవడును న్యాయమైన వెల చెప్పలేడు. రుచి చూచిన పిమ్మట, తనకు కలిగిన మేలు మరియొకనికి కలుగవలెనని ఇచ్చునది వెల కాదు, దానము. అట్లు ఇచ్చినవానికి ముందు కుర్చీయు రాదు, తిరుగు బాకీయు ఉండదు.

ఐనను ఆ పద్ధతిని అటులే తెచ్చి లమ్మడా సభకు తగిలించుట కుదరదు. మొదటిది, ఆ శిబిరముల విరాళము ఆ శిబిరములకే వినియోగమగును. ఇచట సభ వేరు, సహాయము పొందువారు వేరు. రెండవది, వెనుక వచ్చినవారు కూడబెట్టిన మూలధనము అచట కలదు. ఇచట హాలు యజమానికి ముందురోజుననే అద్దె చెల్లింపవలెను. మూడవది పెద్దలు బయటికి చెప్పరు గాని అందరికి తెలిసినది: ఉచితమని పిలిచి, భోజనమునకు ముందు తలుపు చెంత జోలె పట్టినచో అది ఉచితము కాదు. చేతిలో రెండువేలు మాత్రమే యున్నవాడు ప్రక్కవాడు వేసిన నోటును చూచి, మరుసటి వారపు కూరగాయల సొమ్మును జోలెలో వేసి పోవును. అచ్చువేసిన వెలకన్న సిగ్గు వసూలు చేయు వెల ఎక్కువ. ఆ వెలకు రసీదు కూడ ఉండదు.

సిగ్గును గూర్చి బర్మీయుల నుండి నేర్చుకొనదగినది కలదు. తింజాన్ పండుగ దినములలో వీధివీధిని 'సతుదిత' పేర అన్నము, పానకము, చిరుతిండి పంచుదురు. ఆ మాట పాళీనుండి వచ్చినది. నాలుగు దిక్కులనుండి వచ్చువారికి అని అర్థము, తెలుగువాని చతుర్దిశయే. ఏ దిక్కునుండి వచ్చితివని అడుగకుండుటయే దాని గొప్పతనము. చారిటీస్ ఎయిడ్ ఫౌండేషన్ ప్రకటించు ప్రపంచ దానసూచికలో 2014లో మ్యాన్మార్ అమెరికాతో సమానముగా మొదట నిలిచి, 2015 మొదలు 2017 వరకు ఒంటిగానే మొదట నిలిచెను. ధనవంతమైన దేశమై కాదు. గోదావరి లంకలలో, లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909లో కన్నుమూయువరకు వేళకాని వేళ వచ్చినవానికి సైతము వండి పెట్టిన తీరును ఇట్టిదే. కోరంగినుండి ఓడ యెక్కిన తరమువారు ఆ పేరు విన్నవారే అయి యుందురు. (మైకులో దాతల పేర్లు, మొత్తములు చదువుట మాత్రము గుడిలోను ఉన్నది, పగోడాలోను ఉన్నది, ఈ విషయమున ఇరుజాతులును ఒకరికొకరు తీసిపోరు.)

కావున వెలయు ఉండవలెను, అది ఎవనిని త్రోసివేయనిదియు కావలెను. దీనికి సరళమైన దారి యొకటి కనబడుచున్నది. వెలను, విరాళమును కలిపి ఒకే అంకెలో దాచుట మానవలెను. 20,000 చీటీలో 8,000 వెల, 12,000 విరాళము అని పైలెక్కలో చూచితిమి. వెల యనునది తినిన భోజనమునకు, కూర్చున్న కుర్చీకి. దానిని అడుగుటలో తప్పులేదు, తగ్గించి మోసపుచ్చుటయు అనవసరము. విరాళము మాత్రము అడుగవచ్చునే గాని విధింపరాదు. "ఖర్చు 8,000, ఆపైన మీ ఇష్టము, ఈ ఖర్చును భరింపలేనివారు కోశాధికారితో ఒక మాట చెప్పిన చాలును" అని కరపత్రముననే తెలుగులోను బర్మీయములోను వ్రాసినచో ఎవని మానము పోదు. చీటీలన్నియు ఒకే రంగున ఉండవలెను. 'ఉచితము' అని ముద్ర కొట్టిన చీటీకన్న పెద్ద అవమానము లేదు. తలుపు కడ నిలిచిన పిల్లవాడు సైతము దానిని చదువును.

ఇట్లు చేసిన రాబడి తగ్గునని వాదింపవచ్చును. తగ్గవచ్చును. 18 లక్షలకు బదులు 10 లక్షలే మిగులవచ్చును; అప్పుడు రోగి మందులలో కొంత కోత పడును. ఈ ఆక్షేపణ బలమైనది, దీనిని చిరునవ్వుతో దాటవేయరాదు. గదిలో లేని రోగి పక్షమున మాటాడువాడు టిక్కెట్టు పెంచుమనియే చెప్పును. దినకూలివాని పక్షమున మాటాడువాడు తగ్గింపుమనును. ఇరువురును బీదలే. ఒక బీదవాని గౌరవమును తీసి మరియొక బీదవానికి మందు కొనుట కన్న, లోటును కలవారి యొద్దకు పోయి విడిగా అడుగుట మేలు. అది శ్రమతో కూడినది. ఇంటింటికి తిరుగవలెను, కాదనిపించుకొనవలెను. టిక్కెట్టు పెంచుట సులభము. సులభమైనందుననే సంఘములు దానిని ఎంచుకొనునని చెప్పక తప్పదు.

పాత్రలు తోమెడి స్త్రీ సంగతి ఇంకను మిగిలియున్నది. ధర్మకార్యమని చెప్పి వంటవాని కూలిలో వేయి, శబ్దయంత్రము తెచ్చినవాని బాడుగలో రెండువేలు తగ్గింపుమని బేరమాడుట వాడుక. ఉపన్యాసకునికి మాత్రము శాలువ, ఫలములు, ప్రయాణపు ఖర్చు, ఆపైన సంభావన. తమ పూర్వుల కూలి మేస్త్రీచేతిలో తరిగిపోయిన కథను వేదికపై కన్నీళ్ళతో చెప్పుకొను సంఘము, వేదిక వెనుక పాత్రలు తోమెడి ఆమె కూలిని తరుగుట ఎట్లు? ఆమె తన శ్రమను దానమియ్యదలచినచో తానే చెప్పును. చెప్పనిచో పూర్తి కూలి ఇచ్చి, భోజనము ముందుగా పెట్టి పంపవలెను. ఇది టిక్కెట్టు వెలలో మొదట వ్రాయవలసిన పద్దు.

ఉత్సాహపు ఉపన్యాసములను గూర్చియు రెండు మాటలు. సరకు నిజమైనదైననే వెల నిజమైనది. శ్వాస నెమ్మదించిన మనస్సు నెమ్మదించును, అది అనుభవము. మధుమేహము పోవును, వ్యాపారము మూడింతలగును, పరీక్షలో ప్రథమస్థానము వచ్చును అని కరపత్రమున వేసినచో 8,000 కాదు, ఎనిమిది క్యాట్లు పుచ్చుకొనినను అది అన్యాయపు వెలయే. జబ్బు మాన్పుదునని చెప్పుటకు ఇష్టపడక శిష్యుని త్రిప్పిపంపబోయిన సయాజీ తిరిగిన నగరమిది.

వెలను ఎప్పుడు ప్రకటింపవలెనను సంగతి చిన్నదిగా తోచును గాని ఈ దేశమున చిన్నది కాదు. 1964 మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవనిరి; 1985 నవంబరులో మరల అట్లే; 1987 సెప్టెంబరులో 25, 35, 75 క్యాట్ల నోట్లు ఏ పరిహారమును లేక రద్దయ్యెను. పెట్టె అడుగున దాచుకొనిన పెండ్లిసొమ్ము ఒక్క ఉదయమున కాగితమైపోయిన ఇండ్లు తెలుగువారిలో కొల్లలు. 1964లో దుకాణములు జాతీయమైన పిమ్మట ఓడలెక్కి పోయినవారు విశాఖపట్టణమున బర్మా క్యాంపు అనిపించుకొనిరి. ఉండిపోయినవారు ఇచట లెక్కలు మరల మొదటినుండి వ్రాసికొనిరి. 2021 ఆరంభమున డాలరుకు సుమారు 1,330గా నున్న క్యాటు, 2024 నాటికి బయటి విపణిలో 4,000 దాటి పడిపోయెను. కాబట్టి వృద్ధులు 8,000 అనగానే రెండుమారులు ఆలోచించినచో దానిని పిసినారితనమని నవ్వరాదు. మూడు నెలలముందు వెల ప్రకటించి, బియ్యపు ధర పెరిగినదని సభ ముందురోజున పెంచుటయు తగదు. ముందే కొనినవాడు మాట నమ్మి కొనెను. పెరిగిన భేదమును సంఘమే భరింపవలెను.

సొమ్ము చేతికి వచ్చిన పిమ్మట మరియొక ప్రశ్న లేచును. భద్రాచల రామదాసు రాజుగారి పన్నుసొమ్ముతో రామునికి ఆలయము కట్టించెను. గోల్కొండ చెరసాలలో ఏండ్లు గడపెను. ఆయన కీర్తనలను తెలుగువారు నెత్తిన పెట్టుకొనిరి. ఆ భక్తిని కొలిచినవారు లేరు గాని, ఒక పనికై కూడిన సొమ్మును మరియొక పనికి, అది ఎంత పవిత్రమైనదైనను, వాడవచ్చునా అను ప్రశ్న కీర్తనలలో కరగిపోదు. 2025 మార్చి 28న మాండలే, సగాయిఁ ప్రాంతములను భూకంపము ధ్వంసము చేసి మూడువేలకు పైగా జనము మరణించినప్పుడు ఏ సంఘపు పెట్టెలో ఏ పేర సొమ్మున్నను అచటికి పంపవలెనని ఎవరికి తోచలేదు? తోచుట సహజము. పిల్లల పుస్తకములకని ఇచ్చినవానిని ఒక మాట అడిగి పంపినచో దానము రెండింతలగును. అడుగక పంపినచో, కార్యము ఎంత గొప్పదైనను, ఇచ్చినవాని చేతిలోనుండి దానమును లాగికొనినట్లే.

అడుగుటకు ఇచ్చినవారి పేర్లు ఉండవలెను కదా. పేర్లు మైకులో చదువుటకు కాదు, ఇందుకై వ్రాసి యుంచుకొనవలెను. సభ జరిగిన వారము లోపుననే వచ్చినదెంత, హాలునకెంత, వంటవానికెంత, పాత్రలు తోమినామెకెంత, ఉపన్యాసకునికెంత, మిగిలినదెంత, అది ఎవరికి చేరినది అని ఒక పెద్ద కాగితముపై వ్రాసి హాలు తలుపునకు అంటించినచో, తరువాతి సంవత్సరము టిక్కెట్టు నిర్ణయించు సమావేశము పది నిమిషములలో ముగియును. కాగితమును వాన తగులనిచోట, పిల్లలకును అందునంత ఎత్తున అంటించుట మంచిది.